బొరుగుల శాంతయ్య తోటి వేషం

పేరు శాంతయ్య. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎదురుపడితే నిలదీసి అడగాలని తిరుపతిలో ఆ వీధి వీధంతా అనుకునేది. అట్లాగని మనిషి చెడ్డవాడేం కాదు. బొరుగుల బట్టి పెట్టుకుని, తెల్లారి లేచింది మొదలు కాగిన ఇసుకలో బియ్యం పోసి, గరగరా తిప్పి, జల్లెడ పట్టి, గంపలకెత్తి అమ్ముకునేవాడు. కొలతలో మోసం లేదు, మాటలో వంకర లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. పడిన మాట మరిచిపోలేడు.

బియ్యం మండీ దొరస్వామి ఒకసారి నూకలు కలిపిన బస్తా అంటగట్టాడు. శాంతయ్య నోరు మెదపలేదు. మరుసటేడు దొరస్వామి ఇంట్లో వినాయక చవితికి బొరుగులు కావాల్సి వచ్చాయి. పేలకుండా అడుగున మిగిలిన గింజలన్నీ ఏరి ఏరి, పైన మాత్రం రెండు గుప్పిళ్ళు తెల్లటి బొరుగులు చల్లి పంపించాడు. దొరస్వామి లబలబలాడుతూ వస్తే, 'మీ బియ్యమే గదన్నా, అవి అంతే' అన్నాడు. ఏడాది ఆగి కొట్టే దెబ్బలో ఉండే రుచి అప్పటికప్పుడు కొట్టే దెబ్బలో ఉండదని ఆయన సిద్ధాంతం. పాము పగైనా పన్నెండేళ్ళకు తీరుతుందేమో గానీ, శాంతయ్య పగకు అట్లాంటి గడువేమీ లేదు.

అట్లాంటి వాడికి పెళ్ళాం మునిరత్నమ్మ అంటే ప్రాణం. ఆమెది పుత్తూరు. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేది. ఎవరైనా ఆ కాలి వంక చూస్తే చాలు, అడక్కముందే శాంతయ్య చెప్పేసేవాడు: 'పుట్టింట్లో మెట్టు జారింది. పుత్తూరు కట్టు కట్టించినాం. ఇంతకే నిలబడింది.' నిజం వేరు. వాళ్ళ తొలిచూలు మగబిడ్డ జ్వరమొచ్చి పోయినప్పుడు, ఆ తల్లి కడుపుకోత తట్టుకోలేక పుట్టింటి పెరట్లోని బావిలో దూకింది. నీళ్ళు తక్కువగా ఉండి బతికింది, కాలు విరిగింది. విరిగిన కాలు కట్టుకు అతుక్కుంది గానీ, మనిషి మళ్ళీ మనిషి కావడానికి ఏళ్ళు పట్టింది. కూతురు జ్ఞానాంబ పుట్టిన తర్వాతే ఆమె మొహంలో నవ్వు చూశాడు శాంతయ్య. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, పుత్తూరులో ఆమె తల్లి కుప్పమ్మకూ తప్ప నరమానవుడికి తెలియదు.

తెలియదనే అనుకున్నారు. ఒక ఎండాకాలం సెలవుల్లో కుప్పమ్మ పక్కింటి ముసలామెతో పాత కథ చెప్పుకుని ఏడుస్తుంటే, పడుకున్నదనుకున్న పిల్ల అంతా వినేసింది. విన్నది విన్నట్టే మింగేసింది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే మునిరత్నమ్మ కూతుర్ని గడప దగ్గర కూర్చోబెట్టుకుని, నూనె రాసి, రెండు జడలు వేసేది. ప్రపంచంలో ఉన్న కబుర్లన్నీ వాళ్ళిద్దరికీ ఆ వేళకే గుర్తొచ్చేవి. ఆ కబుర్లలో కూడా పిల్ల ఆ మాట ఎత్తలేదు.

అదీ వాళ్ళ సంసారం. దాంట్లో వేలు పెట్టినవాడు ధనంజయ సారు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, దీపావళి పోయిన తర్వాత. జ్ఞానాంబ ఏడో తరగతి. ధనంజయ సారు ఆ తరగతికి లెక్కలు చెప్పేవాడు. తాతల నాటి నుంచి తిరుపతి వాళ్ళే, పక్క వీధిలోనే సొంత ఇల్లు. ఉద్యోగంలో పైకి పోవాలని ఏదో పెద్ద పరీక్షకు కట్టి, ఇంటి పరిస్థితులు పిల్లల చదువును ఎట్లా మారుస్తాయని ఒక సర్వే మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలవడం, అడగడం, రాసుకోవడం. మీ నాయన తాగుతాడా? మీ అమ్మను కొడతాడా? రాత్రి పూట అన్నమా, సంగటా, పస్తా? ఇంట్లో పిచ్చి పట్టినవాళ్ళున్నారా? ప్రాణం తీసుకోబోయినవాళ్ళున్నారా? తల్లిదండ్రులకు ఒక చీటీ లేదు, కబురు లేదు. అయినా పరాయి ఇంటి పొయ్యిలో ఏం ఉడుకుతున్నదో మూత తీసి చూడబోయేవాడు, ఆ ఇంటివాళ్ళను ముందు ఒక మాట అడగాలా వద్దా? ఆ మాత్రం ఇంగితం చదువుకోనివాడికి కూడా ఉంటుంది!

పిల్లలేం తక్కువ తిన్నారా? మొదటి రోజు ఒక్కడంటే ఒక్కడు నిజం చెప్పలేదు. ఎవరి నాయనా తాగడు, అందరిళ్ళలోనూ రోజూ పాయసమే. సారుకు ఒళ్ళు మండింది. మరునాడు బడి ఆవరణలో ఉన్న వేపచెట్టు నుంచి రెమ్మలు తుంచుకొచ్చి, ఒక్కొక్కరి చేతిలో పెట్టి, గంగమ్మ మీద ఒట్టు వేయించాడు. అబద్ధం చెప్తే ఇంట్లో అమ్మకు అమ్మవారు పోస్తుందని కూడా అన్నాడు. తిరుపతిలో పుట్టినవాడు చేయకూడని పని అది. తాతయ్యగుంట గంగమ్మ పేరు చెప్పి వేపాకు చేతిలో పెడితే, ఆ ఊళ్ళో దొంగవాడు కూడా దొంగిలించిన చెంబు తెచ్చి ఇచ్చేస్తాడు. పన్నెండేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? ప్రశ్న వినగానే ఏడ్చింది. నన్నడగొద్దు సార్ అని బతిమాలింది. తన అబద్ధానికి అమ్మ ఒళ్ళు ఎక్కడ పొక్కుతుందోనన్న భయంతో, అమ్మను కాపాడుకోవాలని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

సారు రాసుకున్నాడు. రాసుకుని ఊరుకుంటే ఈ కథే లేదు. సాయంత్రం ఇంటికి పోయి, కాఫీ తాగుతూ పెళ్ళాం సుబ్బులమ్మతో, 'మన బొరుగుల శాంతయ్య పెండ్లాం కుంటేది మెట్టు జారి గాదంట' అన్నాడు. సుబ్బులమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లవారి కొళాయి దగ్గర, పదిమంది ఆడవాళ్ళ మధ్య, బిందె కింద పెట్టి అడిగింది.

"ఏం రత్నమ్మా, మెట్టు మెట్టంటివే, ఆ మెట్టు కింద నీళ్ళెంత లోతుండె?"

మునిరత్నమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. అంతే, మళ్ళీ గడప దాటలేదు. ఆమె చేతి బొరుగులు శుభకార్యాలకు పనికిరావని సీమంతాల వాళ్ళు వేరే బట్టికి పోయారు. పెరట్లో బావి ఉన్న ఇరుగింటామె, నవ్వుతూనే, బావి తట్టు తలుపుకు గొళ్ళెం వేయించింది. అవన్నీ ఒక ఎత్తు. సారుకు చెప్పింది పిల్లేనని తేలాక మునిరత్నమ్మ కూతురి మొహం చూడడం మానేసింది, అదొక ఎత్తు.

"కన్నతల్లిని కొళాయి కాడికి ఈడిస్తివే," అన్నది ఒకే ఒకసారి. ఆ తర్వాత మాట లేదు.

పిల్ల తండ్రి దగ్గర వెక్కి వెక్కి ఏడ్చి, వేపాకు సంగతి, ఒట్టు సంగతి చెప్పింది. శాంతయ్య పోయి పెళ్ళానికి చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని అన్నది:

"బడిలో అయ్యవారు గంగమ్మ మీద ఒట్టేపిస్తాడా యాడన్నా? కూతుర్ని ఎనకేసుకోని రావద్దులేయ్యా."

సాయంత్రమైతే పిల్ల దువ్వెన పట్టుకుని గడప దగ్గర కూర్చునేది. తల్లి వచ్చేది కాదు. పోనీ తను దువ్వుకుంటుందా అంటే, అమ్మ దువ్వితేనే అని మొండికేసింది. తండ్రి బిడ్డ గదా మరి! చివరికి శాంతయ్యే ఇసుక గరిటె పట్టే చేతులతో ఆ జుట్టును రెండు ముద్దలు చేసి, పాత చీర పేలికలతో కట్టి బడికి పంపేవాడు. పొద్దుకొక చిక్కు పడేది. ఆ ముద్దలు చూసినప్పుడల్లా ఆయనకు కడుపులో బట్టి అంటుకునేది.

చివరికొక రోజు బడికి పోయాడు. ధనంజయ సారును వసారాలో పట్టుకున్నాడు.

"పిల్లను అడిగేముందు మాకొక మాట చెప్పింటే ఏం పోయె సార్?"

"నీకు చెప్పేదేంది? బడిలో ఉన్నంతసేపు వాళ్ళు మా పిల్లోళ్ళప్పా. మా పిల్లోళ్ళను మేం అడిగేదానికి నీ పర్మిషన్ యాల?"

శాంతయ్య ఆ మాట మింగాడు. ఇంట్లో పరిస్థితి అట్లాంటిది. చేతులు కట్టుకుని అడిగాడు.

"సరే సార్. జరిగిందేదో జరిగె. ఒకపరి మా ఇంటికొచ్చి, ఒట్టేపిచ్చింది నేనేనని మా ఆడమనిషితో చెప్పండి, సాలు. ఆ తల్లి ఆ బిడ్డ మొగం సూస్తాది."

హెడ్మాస్టరు గది తలుపు తెరిచే ఉంది. ధనంజయ సారు అటొకసారి చూసి, గొంతు పెంచాడు.

"ఒట్టా? ఎవురేపిచ్చినారు ఒట్టు? పిల్లోళ్ళు ఊరికే చెప్తారప్పా. పో పో, పని సూసుకో."

శాంతయ్య తిన్నగా నడిచి వీధి మొదట్లో ఉన్న ఇమాంసాహెబ్ సైకిలు షాపు ముందు కూలబడ్డాడు. ఇమాంసాహెబ్ ఆయనకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు. సంగతంతా విని పళ్ళు నూరాడు.

"ఆ సారు సైకిలు రిపేరుకు నా కాడికే వస్తాది. ముందు చక్రం నట్టు ఒకటి లూజు చేస్తే సాలు. అలిపిరి దిగుడులో పడి పుత్తూరు కట్టుకు పోతాడు."

"వద్దు భాయ్. కాలిరిగితే కట్టు కట్టేస్తారు. నాక్కావల్సింది ఆయప్ప కాలు గాదు, నోరు."

"నోరెట్ల తెరిపిస్తావు?"

"గంగమ్మ మీద ఒట్టేపిచ్చినాడు గదా. ఆయమ్మే తెరిపిస్తాది. జాతర రానీ."

బట్టి దగ్గర మండిన కట్టెల బొగ్గును ఆ రోజు నుంచే ఒక కుండలో దాచడం మొదలుపెట్టాడు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. దారిలో సారు ఎదురైతే, 'బాగుండారా సార్' అని నవ్వేవాడు. సారు కూడా, పోనీలే మరిచిపోయినట్టున్నాడు అనుకున్నాడు పాపం!

మే నెలలో గంగజాతరకు చాటింపు పడింది. చాటింపు పడితే ఊరివాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి పోయి వేరే ఊళ్ళో పడుకోకూడదు. బడికి సెలవులైనా సారుకు సత్యవేడులో ఉన్న అత్తగారింటికి పోయే దారి మూసుకుపోయింది. వెనకటికి ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడొకడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకొక వేషం కట్టి వీధి వీధీ వెతికి, వాడు బయటికి రాగానే తల తీసిందని కదా జాతర కథ. అందుకే మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. ఒక రోజు ఒంటికి తెల్లటి నామం కొమ్ము సుద్ద, ఒక రోజు కుంకుమ, ఒక రోజు బొగ్గు. బొగ్గు పూసుకున్నది తోటి వేషం, అంటే ఊరి పనివాడి రూపం. ఆ వేషంలో ఉన్నవాడు ఎంత మొనగాణ్ణయినా ఎంత మాటైనా అనొచ్చు. పడినవాడు తిరిగి ఒక్క మాట అనకూడదు. అంటే అమ్మవారిని అన్నట్టే.

తోటి వేషం రోజున శాంతయ్య కుండెడు బొగ్గు నూరి, నూనెలో కలిపి, నెత్తి నుంచి కాళ్ళ దాకా పూసుకున్నాడు. నడుముకు, మెడకు వేపమండలు చుట్టుకున్నాడు. కళ్ళు, పళ్ళు తప్ప తెల్లగా కనిపించేది ఏదీ లేదు. దారి పొడుగునా ఎవర్నీ వదల్లేదు. దొరస్వామిని, 'ఏమిరా నూకల దొరా, నీ మీసంలో ఎన్ని నూకలున్నాయిరా' అని పట్టుకుంటే, దొరస్వామి చేతులు జోడించి దండం పెట్టాడు. జనం పడీ పడీ నవ్వుతూ వెంటబడ్డారు. పిల్లలు ఈలలు, డప్పులు డబడబ. ఆ గుంపంతా ధనంజయ సారు ఇంటి ముందుకు వచ్చి ఆగింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"పాలెగాడు దాక్కున్నాడురో!" అని అరిచారెవరో. వీధంతా గొల్లుమంది.

వేషం గుమ్మం ముందుకొస్తే కాళ్ళకు పసుపునీళ్ళు పోయకుండా పంపడం ఇంటికి అరిష్టం. సుబ్బులమ్మ భయపడుతూనే తలుపు తీసి, చెంబు తీసుకుని వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని, వేషం చూడాలనే సంబరంతో వాళ్ళ ఐదేళ్ళ కొడుకు కూడా వచ్చాడు.

ఈ క్షణం కోసమే కదా శాంతయ్య ఇన్ని నెలలు ఉడికింది! కాళ్ళ మీద నీళ్ళు పడుతుండగా, సుబ్బులమ్మను ఏమీ అనలేదు. గొంతుక్కూర్చుని, నడుముకున్న వేపరెమ్మ ఒకటి తుంచి, పిల్లవాడి చేతిలో పెట్టాడు. డప్పులు ఆగాయి.

"అబ్బయ్యా, గంగమ్మ మీద ఒట్టేసి చెప్తావా, నేనడిగిందానికి నిజం?"

"చెప్తా," అన్నాడు వాడు హుషారుగా.

"మీ నాయన ఎప్పుడన్నా తాగినాడా? మీ అమ్మను ఏమని తిడతాడు? మీ ఇంట్లో..."

సుబ్బులమ్మ చేతిలో చెంబు జారి ఖంగున పడింది. ధనంజయ సారు బనీను మీదే లోపల నుంచి పరిగెత్తుకుని వచ్చాడు.

"ఆగప్పా! వాణ్ణడగొద్దు!"

"యాల సార్?"

"యాలంటావేంది? వాడు నా బిడ్డప్పా!"

"ఈదిలో ఉన్నంతసేపు వాడు ఈదిలోళ్ళ పిల్లోడే గద సార్! మా పిల్లోణ్ణి మేం అడిగేదానికి నీ పర్మిషన్ యాల?"

కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. కొళాయి దగ్గరి ఆడవాళ్ళకు మాత్రం బాగా అర్థమైంది. ఒక్కరూ నవ్వలేదు. సారు మొహం మాడిపోయింది. పిల్లవాడి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు, ఎక్కడ ఏం వాగుతాడోనని. ఆ అడ్డం పెట్టిన చేతిని చూస్తే శాంతయ్యకు ఒళ్ళంతా చల్లబడింది. పగ అంటే ఇంత తియ్యగా ఉంటుందని దొరస్వామి విషయంలో కూడా ఆయనకు తెలియదు.

లేచి నిలబడి, పిల్లవాడి చేతిలోంచి వేపరెమ్మ తీసేసుకున్నాడు.

"నువ్వొద్దంటివి, నేను మానుకుంటి. నీ బిడ్డ నోట ఒక్క మాట రాలే. సూసుకో సార్. వద్దు అనేదానికి నీకు వాకిలి ఉండాది, నోరుండాది. నాకేదీ? నన్నెవురడిగినారు? నా బిడ్డ వద్దు సార్ అని ఏడిస్తే దాని నోటికి సెయ్యి అడ్డం పెట్టేదానికి నన్ను పిలిస్తివా?"

సారు తల దించుకున్నాడు.

"తప్పయిపాయప్పా."

"నాకు చెప్తే ఏం లాభం? పట్టుకో ఈ రెమ్మ. నడువు మా ఇంటికి."

తోటి వేషం చెప్పినాక కాదనేవాడెవడు? బనీను మీద, చేతిలో వేపరెమ్మతో, డప్పుల వెనక ధనంజయ సారు నడిచాడు. పిల్లవాణ్ణి చంకనెత్తుకుని సుబ్బులమ్మ నడిచింది. నడవకపోతే ఆడవాళ్ళు నడిపించేట్టున్నారు.

బొరుగుల బట్టి ముందు ఊరేగింపు ఆగింది. చప్పుడు విని మునిరత్నమ్మ తలుపు సందులోంచి చూసింది. బట్టి పక్కన, నెత్తిన రెండు ముద్దలతో జ్ఞానాంబ బిక్కచచ్చి నిలబడి ఉంది.

"చెప్పు సార్," అన్నాడు శాంతయ్య. "పట్టుకోనుండావు గదా, ఆ రెమ్మ మీద చెప్పు."

"పాపది తప్పు లేదమ్మా," అన్నాడు సారు. "ఒట్టేపిచ్చింది నేనే. చెప్పనని ఏడిసింది. అబద్ధమాడితే మీ అమ్మకు అమ్మవారు పోస్తాదని బెదిరిచ్చినా. నీ కోసరమే చెప్పింది. దాన్ని బయట పెట్టింది మేము. బడిలో ఒట్టే లేదని అబద్ధం చెప్పింది గూడా నేనే."

మునిరత్నమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. కాలు ఈడ్చుకుంటూ గడప దాటింది. సారు వైపు చూడనే లేదు.

"ఇదంతా నాతో యాల చెప్పలేదే?"

"నువ్వు ఇంటే గదమా!" అన్నది పిల్ల.

తల్లి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, నెలల తర్వాత మొదటిసారి ఆ తల మీద చెయ్యి వేసింది. వేసి, ఆ ముద్దలు తడిమి చూసి, మొగుడి వైపు ఒక చూపు చూసింది. బొగ్గు పూసుకున్నవాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే శాంతయ్య మొహం చూడాల్సిందే.

"పో, దువ్వెన తీస్కరా. నూనె గిన్నె గూడా."

పిల్ల లోపలికి పరిగెత్తింది. జనం మెల్లగా కదలబోయారు. ధనంజయ సారు వేపరెమ్మను బట్టి అరుగు మీద భద్రంగా పెట్టి, "నేను పోయొస్తానమ్మా," అన్నాడు.

"యాడికి?" అన్నది మునిరత్నమ్మ. అప్పుడు చూసింది ఆయన వైపు. "నీ పుణ్యాన పడిన సిక్కు సార్ ఇది. జడ అయ్యేదాకా ఆడే నిలబడు."

మే నెల ఎండ నడినెత్తిన కాలుస్తోంది. సారు నిలబడ్డాడు. మునిరత్నమ్మ గడప మీద కూర్చుని, కూతుర్ని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుంది. పేలికలు విప్పింది. నూనె గిన్నె పెట్టడానికి అటూ ఇటూ చూసి, తల ఎత్తింది.

"సుబ్బులమ్మా, పిల్లోణ్ణి దించి ఇట్ల రా. ఈ గిన్నె పట్టుకో."

కొళాయి దగ్గరి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. సుబ్బులమ్మ వచ్చి, వంగి, రెండు చేతులా గిన్నె పట్టుకుంది. మునిరత్నమ్మ ఒక్కొక్క పాయా విడదీసి, నూనె అద్ది, చిక్కు తీయసాగింది. తొందరేమీ పడలేదు. శాంతయ్య బట్టి అరుగు మీద కూర్చుని, నల్లటి మొహంతో, తెల్లటి పళ్ళతో, అంతా కళ్ళారా చూశాడు. ఒక జడ పూర్తయ్యేసరికి సారు బనీను తడిసి ముద్దయింది, సుబ్బులమ్మ చేతుల్లో గిన్నె ఒరిగి నూనె తొణికింది.

"గిన్నె సరిగ్గా పట్టుకో సుబ్బులమ్మా," అన్నది మునిరత్నమ్మ. "ఇంగా ఒక జడ ఉండాది."